నవీన శ్రేణి మోటార్లు

పని వచ్చుడు వేరు, పని వచ్చినట్టు కాయితం ఉండుడు వేరు. మొదటిది లేకున్నా ఈ దేశం ఇన్నేండ్ల సంది మంచిగనే నడుస్తున్నది. రెండోది లేకుంటే మాత్రం ఒక్క రోజు సుత నడవది. ఈ మాట నేను అంటలేను. చిరువ్యాపార అర్హతా నిర్ధారణ మండలి వాళ్ల నోటీసు మొదటి పేరాల ఉన్నది (వాళ్లు జర గ్రాంథికంల రాసిండ్రు, నేను మన మాటల చెప్పిన).

నోటీసు సంగతి అందరికంటే ముందు నాకే తెలిసింది. లక్సెట్టిపేట బస్టాండు ఎన్క కాంప్లెక్సుల నాది జిరాక్స్ దుకాణం. పేరు ఓంప్రకాశ్. ఊరిల ఎవలికి ఏ ఆపద వచ్చినా ముందు నా దగ్గరికే వస్తరు, మూడు కాపీలు తీసుకొని అవతల పడ్తరు. అందుకని మొదలే చెప్తున్న, నాకు దరఖాస్తుల మీద గానీ, అనుబంధ పత్రాల మీద గానీ ఎసువంటి కోపం లేదు. పేజీకి రెండు రూపాయలు. రెండు దిక్కుల అయితే మూడు.

నోటీసుల ఏమున్నదంటే, కాంప్లెక్సు మడిగెలు ఇగ నుంచి మండలి చేతుల ఉంటయి. మార్చి ముప్పై ఒకటి లోపల, జిరాక్స్ దుకాణం తప్ప, ప్రతి దుకాణందారు తన పనిని తను చదువుకున్నట్టు పట్టా చూపియ్యాలె. పట్టా లేనోళ్లు ‘అనుభవ సమానతా పరీక్ష’ రాసి పాస్ గావాలె. రెండూ లేనోళ్ల మడిగెకు ఏప్రిల్ ఒకటిన తాళం పడ్తది. (ఏప్రిల్ ఒకటి అని చూసి మేమంత నవ్వినం. మండలికి నవ్వులాటలు తెల్వయని మాకు అప్పటికి తెల్వది.)

నా పక్క మడిగె సిద్దిరాములన్నది. మోటారు వైండింగ్ దుకాణం. బాయిల కాడ, బోర్ల కాడ కాలిపోయిన మోటార్లు తెస్తే, లోపలి పాత రాగితీగ ఊడపీకి కొత్తది చుట్టి ఇస్తడు. ముప్పై రెండేండ్ల సంది గదే పని. చదువు ఏడో తరగతి, అది గూడ సగం. ఏడు చదువుకుంటనే ఉస్తాద్ మునీర్ సాబు దగ్గర పనికి కుదిరిండు, మళ్ల బడి మొఖం చూడలే. మునీర్ సాబు పోయినంక మడిగె ఈయనకు వచ్చింది.

ఈయన మోటారును ఇప్పకముందే రోగం చెప్తడు. స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనిచ్చి, పిడి చెవికి ఆనిచ్చి కండ్లు మూసుకుంటడు. “బేరింగ్ పోయింది” అంటే బేరింగే పోయి ఉంటది. కాలిన తీగ వాసన చూసి, “మూడో ఫేజు రాకముందే రెండిటి మీదనే ఉరికిచ్చినవు గదనే, ఓపిక లేకపాయెనా?” అంటే తెచ్చిన రైతు తల దించుకుంటడు. శ్రీరాంపూర్ నుంచి సుత ఆటోలల్ల ఏస్కొని వస్తరు, నడుమ నాలుగు వైండింగ్ దుకాణాలు దాటుకొని.

ఆయనకు పుస్తకాలు లేవు, గోడ ఉన్నది. ఏ కంపెనీ మోటారు, ఎన్ని హెచ్‌పీ, ఎన్ని చుట్లు, ఏ గేజీ తీగ, అన్నీ చాక్‌పీసుతోని, బొగ్గుతోని, ఏది దొరికితే దానితోని గోడ మీద రాసి పెట్టిండు. కొత్త రకం మోటారు వచ్చిందంటే, పాత తీగ ఊడపీకేటప్పుడు చుట్లు ఎంచి గోడకు ఎక్కిస్తడు. గదే రకం పదేండ్లకు మళ్ల వస్తే గోడ దిక్కు ఒక్కసారి చూసి పని మొదలువెడ్తడు. పైన మూడో వంతు మునీర్ సాబు రాసింది, ఉర్దూ అంకెలల్ల. కింద రెండు వంతులు ఈయనది. మొన్న కాంప్లెక్సు అంత రంగులు ఏసినప్పుడు, “నా గోడ ముట్టినోని చేతులు ఇరగ్గొడ్త” అన్నడు. ఎవలూ ముట్టలే.

గోడ కింది మూలకు, తలుపు పక్కన, ఇంకో వరుస ఉన్నది. నవీన 38. నవీన 41. నవీన 43. గిట్ల పోయి పోయి నవీన 61 కాడ ఆగుతది. నవీన అంటే ఆయన బిడ్డ. ఏటేటా బడి తెరిచిన రోజు పిల్లను గోడకు నిలవెట్టి, నెత్తి మీద స్కేలు అడ్డం పెట్టి గీత గీసి, ఎన్ని అంగుళాలు ఎదిగిందో రాసినంకనే బడికి తోల్కపోయేటోడు. పదో తరగతి దాకా ఒక్క ఏడు తప్పలే. నడుమ ఒక కాడ “నవీన 102 తడిబట్ట” అని ఉంటది. ఆ వానకాలం పిల్లకు జ్వరమొచ్చింది. తల్లి బీడీల కార్ఖానకు పోతే, ఈయన దుకాణంలనే చాప ఏసి పండవెట్టి, నుదురు మీద తడిబట్ట మార్చుకుంట కూసున్నడు. జ్వరం ఎంతున్నదో రాసిపెట్టుమన్నడట డాక్టరు. ఈయనకు రాసుడంటే గోడే గదా.

ఇదంత మీకు నేను చెప్పిన కాబట్టి తెలిసింది. మండలికి ఎవలూ చెప్పలే. చెప్పబోతే వాళ్లు వద్దన్నరు.

ఎట్లంటే, పరీక్ష పెట్టాలంటే సిలబస్ ఉండాలె. మంగలి పనికి సిలబస్ దొరికింది, దర్జీ పనికి దొరికింది. వైండింగుకు మాత్రం దొరకలే. అప్పుడు మండలి ‘నైపుణ్య సేకర్త’ అని ఒక కొలువు పుట్టిచ్చి, అండ్ల ఎంబీఏ చదివిన అరుణ్‌కుమార్ అనే పిలగాన్ని కాంట్రాక్టు మీద పెట్టింది. పని వచ్చినోళ్ల దుకాణాలకు పోయి, వాళ్లకు ఏమొచ్చో రాసుకొని వస్తే, అది సిలబస్ అయితది. అదే సిలబస్ మీద వాళ్లకే పరీక్ష పెట్టి, వాళ్లకు వచ్చో రాదో తేల్చుతరు. వినేటందుకు మంచిగనే ఉన్నది.

అరుణ్‌కుమార్ వచ్చిన రోజు సిద్దిరాములన్న సంబురపడ్డడు. గోడను చూడ ఒక ఆఫీసు మనిషి వచ్చుడు అదే మొదటిసారి. కుర్చీ తుడిచి ఏసిండు, చాయ్ తెప్పిచ్చిండు.

“గోడ మీద ఏది సమజ్ గాకున్నా అడుగుండ్రి సార్, చెప్త.”

“అడగొద్దండి,” అన్నడు అరుణ్‌కుమార్. “తొమ్మిదో నిబంధన ఉన్నది. మీరు నోటితోని చెప్పేది అనుభవం కిందికి వస్తది. రాసి ఉన్నదే ఆధారం. నేను ఆధారమే తీసుకోవాలె. మీరు చెప్తే నేను ప్రభావితమైత.”

“గట్లనా. మరి చాయ్ తాగితే?”

పిలగాడు ఫోనుల నిబంధనలు తీసి కింది దాకా చూసిండు. చాయ్ సంగతి ఏడా లేదు. తాగిండు.

గోడకు నలభై ఒక్క ఫొటోలు దిగినయి. మునీర్ సాబు ఉర్దూ అంకెలను ‘గోడ అలంకరణ’ అని రాసుకున్నడు. తలుపు పక్కన గీతలను ‘గ్రాఫ్’ అని రాసుకున్నడు. సిద్దిరాములన్న ఒకటి రెండుసార్లు నోరు తెరవబోతే, పిలగాడు చెయ్యి అడ్డం పెట్టి, “ప్లీజ్ అంకుల్” అన్నడు. నవీన గనుక ఆ రోజు దుకాణంల ఉంటే ఏమన్న అనేదేమో. ఆమె కరీంనగర్‌ల ఏదో ఇంటర్వ్యూకు పోయింది. బీటెక్ ఎలక్ట్రికల్ పాసై రెండేండ్లయింది. అప్పటి సంది ఇంటర్వ్యూలకు పోతది, వచ్చినంక బాపు పక్కన కూసొని తీగ చుడ్తది.

రెండు నెలలకు పుస్తకం వచ్చింది. ‘మోటారు వైండింగ్ ప్రమాణ దర్శిని’, అరవై నాలుగు పేజీలు. ముందు నాకే వచ్చింది. రెండు వందల కాపీలు తీసిన, మిషన్ వేడెక్కి రెండుసార్లు ఆగింది. నాలుగో అధ్యాయం మీకు ఉన్నదున్నట్టు ఇస్తున్న:

“నవీన శ్రేణి మోటార్లు ఉత్తర తెలంగాణ ప్రాంతమున విరివిగా వాడుకలో ఉన్నవి. తొలి నమూనాలో చుట్ల సంఖ్య 38 కాగా, ఏటేటా క్రమముగా పెరిగి 61 వద్ద స్థిరపడినది. ఇది సాంకేతిక పరిపక్వతకు నిదర్శనము. వర్షాకాలమున ఈ శ్రేణికి 102 డిగ్రీల వరకు వేడెక్కు స్వభావము కలదు. అట్టి సందర్భమున మోటారుపై తడిబట్ట కప్పవలెను.”

నేను పుస్తకం పట్టుకొని పక్క మడిగెకు ఉరికిన. సిద్దిరాములన్నకు చదివి వినిపిస్తే ముందుగాల అర్థం గాలే, అర్థమైనంక కడుపు పట్టుకొని నవ్విండు. నవీన అయితే నేల మీద కూలవడి నవ్వింది.

“బాపూ, అంత రాసి నేను ఎన్ని హెచ్‌పీనో రాయకపోయిరి గదనే!”

“నువ్వు పుట్టుడే పది హెచ్‌పీ. మీ అవ్వనడుగు.”

నవ్వు అయిపోయినంక నేను ఆఖరి పేజీ తీసి చూపెట్టిన. నమూనా ప్రశ్నపత్రం. పదిహేడో ప్రశ్న, తప్పనిసరి, పది మార్కులు: నవీన శ్రేణి మోటారులో చుట్లెన్ని? వేడెక్కినచో తీసుకొనవలసిన చర్య ఏమి? ఇగ ఎవలూ నవ్వలే.

తెల్లారి బస్సెక్కి కరీంనగర్ పోయినం, ముగ్గురం. నన్నెందుకు తీసుకపోయిండ్రంటే, కాయితాల మనిషి ఒకడు ఎంట ఉండాలె గదా. మండలి ప్రాంతీయ కార్యాలయంల ఉప అర్హతాధికారి రామచంద్రం సారును కలిసినం. మంచి మనిషి. కూసోమన్నడు. మంచినీళ్లు ఇప్పిచ్చిండు. సిద్దిరాములన్న చెప్పుకుంట పోతుంటే ఒక్కసారి సుత అడ్డం రాలే.

“నేను నమ్ముతున్న,” అన్నడు అంత ఇన్నంక. “నా ముంగట కూసున్న ఈ అమ్మాయి మోటారు కాదని నాకు ఎసువంటి అనుమానం లేదు. కానీ నమ్మినట్టు రాసుడు నా పరిధిల లేదు.”

నవీన తన జనన ధ్రువపత్రం బల్ల మీద పెట్టింది. ఆయన అద్దాలు పెట్టుకొని రెండు దిక్కుల చదివిండు.

“దీనితోని ఒక నవీన మనిషి అని తేలింది. బాగున్నది. ఇంకో నవీన మోటారు కాదని దీంతోని తేలది గదమ్మా.”

“ఇంకో నవీన లేదు సార్!”

“లేదని కాయితం ఉన్నదా?”

అప్పుడు ఆయన అరల నుంచి ఏడు-బి దరఖాస్తు తీసి చూపెట్టిండు. పుస్తకంల తప్పును దిద్దాలంటే ఇది పెట్టాలె. ఇది పెట్టాలంటే అర్హత గల వైండర్ అయి ఉండాలె. అర్హత రావాలంటే పరీక్ష పాస్ గావాలె. పాస్ గావాలంటే పుస్తకంల ఉన్నట్టు రాయాలె.

“అంటే ముందు నా బిడ్డ మోటారని నేనే రాయాల్నా?” అన్నడు సిద్దిరాములన్న.

“రాసి పాస్ అవుండ్రి. పాసైన తెల్లారే మోటారు కాదని దరఖాస్తు ఇయ్యుండ్రి. నేనే తీసుకుంట.”

“ఇదంత ఎందుకు సార్,” అని నేను నడుమ దూరిన, “ఈ పిల్ల బీటెక్. పరీక్ష అక్కెర లేదు. మడిగె ఆమె పేరు మీద చేస్తే అయిపోతది గదా.”

“అయితది. పట్టాతోపాటు మూడేండ్ల అనుభవ పత్రం పెట్టాలె. అర్హత గల వైండర్ దగ్గర చేసినట్టు.”

“చిన్నప్పటి సంది నా దగ్గరనే చేస్తున్నది సార్.”

“మీరు అర్హులు కారు గదా, సిద్దిరాములు గారూ.”

ఈ మాట ఆయన దురుసుగ అనలే. నిజానికి మమ్మల్ని సాగనంపుకుంట మెట్ల దాకా వచ్చి తన కష్టం గూడ చెప్పుకున్నడు. పందొమ్మిదేండ్ల సంది ఆ ఆఫీసుల ప్రతి ఫైలు ఆయనే నడుపుతున్నడట. డిపార్టుమెంటు పరీక్షల నాలుగు మార్కులు తక్కువ వచ్చి ఉప అధికారి దగ్గరనే ఆగిపోయిండట. మీదికి వచ్చిన అధికారి పాసైనోడు, ఏ ఫైలు ఏ బీరువల ఉంటదో ఈయననే అడుగుతడట. “రూలు నాకు గూడ రూలే,” అన్నడు.

బస్సుల వచ్చేటప్పుడు నవీన బాపును బతిమాలింది. “నేను మోటారునే అని రాయి బాపూ. రాస్తే నేనేమన్న అరిగిపోతనా? ముప్పై రెండేండ్ల మడిగె. గోడ ఉన్నది అండ్ల. తాళం పడ్డంక గోడను సంకల పెట్టుకొని పోతవా?”

“రాస్త తీయి,” అన్నడు సిద్దిరాములన్న, కిటికిల నుంచి బయటికి చూసుకుంట.

పరీక్ష మంచిర్యాలల, ఒక కాలేజీల పెట్టిండ్రు. నేను గూడ రాసిన, వైండింగు పరీక్షనే. దయచేసి నన్ను తప్పువట్టకుండ్రి. అందరి దరఖాస్తులు నా దగ్గరనే ఆన్‌లైన్ ఎక్కిస్తుండ్రి, అది పని చేస్తదా లేదా చూద్దామని మొదలు నా పేరే కొట్టి చూసిన. చేసింది. వెనక్కి తీసే బటన్ మాత్రం అండ్ల లేదు. ఫీజు గూడ కట్టయింది. ఊకె పోగొట్టుకునుడు ఎందుకని పోయి కూసున్న.

సిద్దిరాములన్న నాకు మూడు బెంచీల ముంగట ఉన్నడు. మొదటి గంట జోరుగ రాసిండు. తర్వాత పెన్ను ఆగింది. పెన్ను బల్ల మీద పెట్టిండు, తీసిండు, మళ్ల పెట్టిండు. రాయన్నా, రాసెయ్యి అని మనసుల మొక్కుకున్న. ఆఖరుకు వంగి ఏందో నాలుగు వరుసలు గబగబ రాసి, లేచి బయటికి పోయిండు.

ఆ నాలుగు వరుసలేందో తర్వాత జవాబు పత్రం నకలు తెప్పిచ్చినప్పుడు చూసిన (పేజీకి రెండు రూపాయలు, వాళ్లది గూడ అదే రేటు):

“నవీన మోటారు గాదు. నా బిడ్డ. 61 చుట్లు గాదు, అంగుళాలు. బిడ్డకు ఒళ్లు కాలితే పక్కపొంటి కూసోవాలె. తడిబట్ట మోటారు మీద ఏస్తే మనిషి సస్తడు. ఈ ముక్క పుస్తకంల నుంచి తీసేయుండ్రి.”

పక్కన ఎర్ర సిరతోని ఉన్నది: “జవాబు అంశమునకు సంబంధించినది కాదు. సున్న.” పాస్ గావాలంటే ముప్పై అయిదు రావాలె. సిద్దిరాములన్నకు ముప్పై నాలుగు వచ్చినయి.

నాకు తొంభై ఒకటి. మంచిర్యాల సెంటరు ఫస్టు.

మీకు ఒకటి చెప్పాలె. నేను జన్మల ఒక్క మోటారును ఇప్పి చూడలే. ఇంట్ల ఫ్యాను తిరుగకుంటే సిద్దిరాములన్ననే పిలుస్త, కుర్చీ పట్టుకునుడు ఒక్కటే నా పని. కానీ రెండు వందల సార్లు మిషన్ల తిప్పిన పుస్తకం కండ్లల్ల ఉంటది గదా. పదిహేడో ప్రశ్నకు ‘61, తడిబట్ట’ అని రాసి, కింద గీత సుత కొట్టిన. ఫలితాల కాయితం చూసినప్పుడు సిగ్గుతోని నాకు తల ఎత్త బుద్ధి గాలే. అయినా నాలుగు కాపీలు తీసి అద్దానికి అంటిచ్చిన, అడిగేటోళ్లు అడుగుతరని.

మార్చి ఇరవై తొమ్మిదినాడు కమలవ్వ అనే రైతు మోటారు దించింది. వరి పొట్ట మీద ఉన్నది, నీళ్లు లేవు. “రేపు మాపంటె తాళం పడ్తదటగదా కొడుకా, నా మోటారు లోపట్నే ఉండిపోతే నా పొలం ఏంగావాలె?” అని గడప మీదనే కూసున్నది. సిద్దిరాములన్న మోటారు ముంగటేసుకొని నట్లు ఇప్పవట్టిండు.

నవీన నా దుకాణంలకు వచ్చింది.

“కాకా, నువ్వు పాసైనవు గదా.”

“అయిన బిడ్డా. మన్నించు.”

“మన్నించుడు తర్వాత. మడిగె నీ పేరు మీద పెట్టు. బాపు నీ దగ్గర పని నేర్చుకుంటున్నట్టు కాయితం రాద్దాం. నేను గూడ నీ దగ్గర చేరుత, మూడేండ్లకు అనుభవ పత్రం ఇయ్యి. ఇగ తొవ్వ ఇదొక్కటే.”

బీటెక్ చదివిందని ఊకె అంటరా. ఆ తెలివి నాకు రాలే. ఇద్దరం పోయి సిద్దిరాములన్నకు చెప్పినం. ఆయన గోడ దిక్కు చూసిండు. మీదికెల్లి కింది దాకా, మునీర్ సాబు రాతల నుంచి తలుపు పక్కన గీతల దాకా.

“కానియ్యి,” అన్నడు. “బోర్డు మీద ఎవని పేరున్నదో మోటారుకు తెలుస్తదా ఏంది.”

ముప్పై ఒకటి సాయంత్రం నాలుగింటికి కాయితాలు పడ్డయి. తాళం పడలే. ఏప్రిల్ రెండుకు కమలవ్వ మోటారు నీళ్లు పోసింది. ఇప్పుడు బోర్డు మీద ‘ఓంప్రకాశ్ మోటారు వైండింగ్ (అర్హత గలది)’ అని ఉంటది. సిద్దిరాములన్న మెడల కార్డు ఉంటది: ‘శిక్షణార్థి, మొదటి సంవత్సరం.’ ఆయన ఏ మోటారు చుట్టినా రిజిస్టరుల నేను ‘నా పర్యవేక్షణలో జరిగినది’ అని సంతకం పెట్టాలె. పెడ్తున్న. మొదట్ల చెయ్యి రాకపోయేది. ఇప్పుడు అలవాటయింది.

ఒక్క మంచి పని మాత్రం చేసిన. అర్హత వచ్చింది గదా, వారం తిరుగకముందే ఏడు-బి పెట్టిన. నవీన మోటారు కాదు, ఈ అధ్యాయం తీసేయాలె అని మూడు కాపీలు. మండలి కదిలింది. మే నెలల రామచంద్రం సారు, అరుణ్‌కుమార్ పరిశీలనకు వచ్చిండ్రు, చేతుల టేపుతోని.

“వివాదాస్పద వస్తువు ఏది?” అని చదివిండు రామచంద్రం సారు, ఫారంల గట్లనే ఉన్నది కాబట్టి.

“నేనే సార్,” అన్నది నవీన. అప్పుడే బస్సు దిగి వచ్చింది, ఇంకో ఇంటర్వ్యూ నుంచి.

“గోడ మీది ఆధారంతోని పోల్చి చూడాలె. జర నిలవడమ్మా.”

ఆమె తలుపు పక్కన గోడకు ఆనుకొని నిలవడ్డది. సారు టేపు ఇప్పేలోపలనే సిద్దిరాములన్న లేచి వచ్చిండు. ఎవలూ చెప్పలే ఆయనకు. స్కేలు తీసి బిడ్డ నెత్తి మీద అడ్డం పెట్టిండు, నీలం చాక్‌పీసుతోని గీత గీసిండు, కొలిచిండు. ఎనిమిది తొమ్మిదేండ్లాయె ఆయన ఆ గోడకు ఆ పేరు ఎక్కియ్యక.

“అరవై రెండు,” అన్నడు. “ఒక అంగుళం ఎదిగినవు బిడ్డా. నేను చూసుకోనే లే.”

సారు రాసుకున్నడు. అరుణ్‌కుమార్ ఫొటో తీసిండు.

“చెప్పులు ఇడువలే బాపూ,” అన్నది నవీన, మెల్లగ.

అందరం కిందికి చూసినం. ఇంటర్వ్యూ చెప్పులు, ఎత్తు మడిమెలవి. సిద్దిరాములన్న కండ్లు తుడుసుకుంటనే నవ్విండు. రామచంద్రం సారు మాత్రం పెన్ను మూత పెట్టి జేబుల పెట్టుకున్నడు. పరిశీలన నివేదికల కొట్టివేతలు ఉంటే చెల్లదట.

ఇరవై రోజులకు ఉత్తర్వు వచ్చింది. ముందు నాకే వచ్చింది:

“అర్హత గల వైండర్ శ్రీ ఓంప్రకాశ్ గారి దరఖాస్తును మండలి కూలంకషముగా పరిశీలించినది. ప్రమాణ దర్శిని నాలుగవ అధ్యాయమున పొరపాటు కలదని నిర్ధారణ అయినది. కావున ఇకమీదట నవీన శ్రేణి మోటార్లకు సంబంధించి 61 అని ఉన్న చోట 62 అని చదువుకొనవలెను.”

సిద్దిరాములన్నకు చదివి వినిపిచ్చిన. శిక్షణార్థి గూడ చదివినట్టు కింద సంతకం పెట్టాలె, పెట్టిండు. మళ్ల వచ్చే నెల పరీక్ష ఉన్నది, ఈయన పేరు మీద ఫీజు నేనే కట్టిన. “ఈసారన్న రాయన్నా,” అంటే, “గప్పుడేం రాసిన్నో గదే రాస్త,” అన్నడు, తీగ చుట్టుకుంటనే.

మొన్న మండలి నుంచి నాకు ఇంకో కాయితం వచ్చింది. సెంటరు ఫస్టు వచ్చిన కారణంగ, ఈసారి జవాబు పత్రాలు దిద్దే బాధ్యత నాకు ఇచ్చిండ్రు. జవాబుల పట్టిక గూడ పంపిండ్రు. నవీన నాకు గూడ బిడ్డ అసువంటిదే. చెప్పుల సంగతి సుత నేను కండ్లార చూసిన. కానీ అరవై రెండు అని రాయకపోతే మార్కు ఎట్ల ఏస్త?